గట్టు రోడ్డు మీద చెవి దగ్గర ఫోన్: చట్టం ఉన్నా కేసులో ఆ మాట ఎందుకు రాయరు?

గట్టు_రోడ్డు
పోయిన నెలలో మా బాబాయి సైకిల్ మీద పచ్చగడ్డి మోపు కట్టుకుని లాకుల దగ్గర నుంచి ఇంటికి వస్తుండగా, ఎదురుగా వచ్చిన మోటారు సైకిల్ ఆయనను గుద్దింది. మా గట్టు రోడ్డు వెడల్పు పన్నెండు అడుగులకు మించదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేలు. నేను అరటితోటలో ఉండి చప్పుడు విని పరుగెత్తాను. బాబాయి తుంటి ఎముక విరిగి రోడ్డు మీద పడి ఉన్నారు, బండి నడిపిన కుర్రవాడు తల పట్టుకుని కూర్చున్నాడు. గడ్డి మోపు విడిపోయి రోడ్డంతా పరుచుకుంది. ఆ గడ్డిలో నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది: "ఒరేయ్, ఇనపడతందా? పెరుగు తెమ్మన్నాను, ఇనపడతందా?" వెతికితే ఫోన్ దొరికింది. కాల్ ఇంకా నడుస్తూనే ఉంది.
ఆ పిల్లవాడు ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మెడ వంచి నడుపుతున్నాడని తరువాత ఇద్దరు కూలీలు కూడా చెప్పారు. అయినా ఎఫ్‌ఐఆర్‌లో "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న పాత మాటలే ఉన్నాయి, ఫోన్ ఊసే లేదు. ఎవరినో జైలుకు పంపాలన్నది నా కోరిక కాదు. ఫోన్ వల్ల జరిగిన ప్రమాదాన్ని ఫోన్ వల్ల జరిగిందని ప్రభుత్వ కాగితం మీద రాయించాలంటే ఏం చేయాలో, అసలు ఈ విషయంలో చట్టం ఏమంటుందో తెలిసినవారు చెప్పండి.

కోటిపల్లి_రేవు
మీ బాబాయి గారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. మా వైపు కూడా ఇదే పరిస్థితి. హెల్మెట్ పెట్టుకోవడం పెరిగిందని సంతోషించే లోపే, ఆ హెల్మెట్‌కూ చెంపకూ మధ్య ఫోన్ దోపుకుని రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి కదా అనే వారు తయారయ్యారు.

బడిగంట
కేరళ హైకోర్టు ఫోన్‌లో మాట్లాడుతూ బండి నడపడం నేరమే కాదని చెప్పినట్టు చదివాను. అది నిజమైతే మనం ఏ చట్టాన్ని అడగాలి?

అమలాపురం_వకీలు
బడిగంట గారు చదివిన తీర్పు నిజమే కాని, దాని పరిధి వేరు. అది 2018 నాటిది. కేరళ పోలీసు చట్టంలోని 118(ఇ) నిబంధన కింద పెట్టిన కేసు మీద, ప్రజలకు అపాయం కలిగించినట్టు చూపకుండా ఫోన్‌లో మాట్లాడినందుకే ఆ నిబంధనను వర్తింపజేయలేరని చెప్పింది. ఆ తరువాతి సంవత్సరమే పార్లమెంటు మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఆ సవరణ ప్రకారం సెక్షన్ 184, అంటే ప్రమాదకరంగా నడపడం అనే నేరం కింద ఒక వివరణ చేరింది. ఎర్ర దీపాన్ని దాటిపోవడం, ఎదురుదారిలో రావడం వంటి వాటితో పాటు చేతితో పట్టుకునే సమాచార సాధనాన్ని నడిపేటప్పుడు వాడటం కూడా ప్రజలకు ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికే వస్తుందని అందులో స్పష్టంగా ఉంది.
మొదటిసారి తప్పుకు ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మూడేళ్ల లోపు మళ్లీ అదే తప్పు చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. కోర్టుకు వెళ్లకుండా రాజీ రుసుము కట్టే వీలును సెక్షన్ 200 కింద రాష్ట్ర ప్రభుత్వం కల్పించవచ్చు. అందుచేత చలానా మీద కనిపించే మొత్తం రాష్ట్ర ఉత్తర్వును బట్టి ఉంటుంది.

భాగ్యనగరం_నుంచి
మాది రాజోలు దగ్గర. సంక్రాంతికి కారులో వచ్చే మాలాంటివారికి మ్యాప్ లేకపోతే ఎలా? ఫోన్‌లో దారి చూసుకోవడం కూడా నేరమేనా?

అమలాపురం_వకీలు
కాదు. 2020 అక్టోబర్ 1 నుంచి అమలులో ఉన్న కేంద్ర మోటారు వాహనాల నియమాల సవరణ ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెదరని విధంగా, ఫోన్ వాడవచ్చు. స్టాండుకు బిగించి, బయలుదేరే ముందే ఊరి పేరు కొట్టుకుంటే ఇబ్బంది లేదు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, వేళ్లతో మ్యాప్ పెద్దది చేసుకుంటూ నడిపితే ఆ మినహాయింపు మీకు అండగా నిలవదు.

కోటిపల్లి_రేవు
భాగ్యనగరం గారూ, ఆ మ్యాప్ దగ్గరి దారి అని చెప్పి పండగకు వచ్చిన కార్లను మా కాలువ గట్ల మీదికి పంపుతోంది. ఎదురుగా వరి బస్తాల ట్రాక్టర్ వస్తే తప్పుకోవడానికి చోటుండదు. చూపు తెర మీద పెట్టుకుని ఆ గట్టు మీద రావడం కంటే, లాకుల దగ్గర ఆపి టీ కొట్టులో అడిగితే సరైన దారి చెబుతారు.

భాగ్యనగరం_నుంచి
ఒప్పుకుంటాను. పోయిన పండగకు మేమూ అలాగే ఇరుక్కుని అర కిలోమీటరు వెనక్కి నడపవలసి వచ్చింది.

చెరువు_గట్టు_రైతు
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక రెండో వైపు నేను చెబుతాను. నాకు భీమవరం వైపు ఎనిమిది ఎకరాల రొయ్యల చెరువు ఉంది. రాత్రి రెండింటికి కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి. నీటికి గాలి అందించే ఆ యంత్రాలు ఆగితే ప్రాణవాయువు పడిపోయి గంటలోపు రొయ్య పైకి తేలుతుంది. నాలుగు నెలల పెట్టుబడి ఆ గంటలో పోతుంది. నేను బండి మీద ఉన్నప్పుడు కాపలా మనిషి ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండాలని చెప్పడం సులభం. బండి పక్కన ఆపి మాట్లాడమంటారు. 216 జాతీయ రహదారి మీద చీకట్లో అంచున ఆపితే వెనుక నుంచి వచ్చే లారీ చూసుకోదు, గట్టు రోడ్డు మీద ఆపడానికి అంచే ఉండదు. చట్టం రాసినవారు మా చెరువులు చూసి రాయలేదు.

రాత్రి_డ్యూటీ_నర్సు
రైతు గారి కష్టం నాకు అర్థమైంది. మా నాన్నగారిదీ చెరువే. కాని రాత్రి పూట ఎమర్జెన్సీ వార్డులో నేను చూసేది వేరు. ఎముక విరిగి వచ్చినవారి పక్కన నిలబడ్డ వారు "ఫోన్ వచ్చిందండి, ఒక్క క్షణం" అని మెల్లగా మాతో చెబుతారు. అదే మాట పోలీసు అడిగితే చెప్పరు. కుక్క అడ్డొచ్చిందని, గుంట కనబడలేదని చెబుతారు. కేసు కాగితాల మీద కుక్కలూ గుంతలూ మిగులుతాయి, ఫోన్ మాయమైపోతుంది.

స్టీరింగ్_30ఏళ్లు
నేను ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన వైపు వెళుతుండగా మా బావమరిది ఫోన్ చేశాడు. ఇంటి స్థలం గొడవ. ఎడమ చేత్తో పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడాను. ఆ రెండు నిమిషాల్లో వంతెన మీదికి ఎప్పుడు ఎక్కానో, ఎప్పుడు దిగానో నాకు తెలియదు. వశిష్ఠ గోదావరి అంతటి నదిని దాటి వచ్చానన్న జ్ఞాపకం కూడా లేదు. సిద్ధాంతంలో దిగవలసిన ముసలాయన లేచి వచ్చి "బాబూ, మా ఊరు దాటించేశావు" అన్నప్పుడు ఒళ్లు చెమట పట్టింది. కళ్లు మూసుకుని నడపలేదు, రోడ్డు వైపే చూస్తున్నాను. కన్ను రోడ్డు మీద ఉంది, చూపు మా బావమరిది ఇంటి దగ్గర ఉంది. ఆ రోజు నుంచి ఉద్యోగం వదిలే దాకా ఎక్కగానే ఫోన్ కండక్టర్ సంచిలో వేసేవాడిని.
అందువల్ల చేతితో పట్టుకోకుండా చెవిలో ముక్క పెట్టుకుంటే ఫర్వాలేదనే మాట నేను నమ్మను. నన్ను మరిపించింది చేయి కాదు, మాట.

బడిగంట
పెద్దాయన అనుభవానికి శాస్త్రం కూడా తోడుంది. నడిపేటప్పుడు ఫోన్ వాడేవారికి ప్రమాదం జరిగే అవకాశం వాడనివారి కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువని, చేతులు వాడనక్కరలేని ఫోన్లు పట్టుకునే ఫోన్ల కంటే పెద్దగా సురక్షితం కావని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక లెక్క చేయించాను. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. మెసేజ్ చదవడానికి ఐదు సెకన్లు కిందికి చూస్తే 55 మీటర్లు. మా బడి గేటు నుంచి కాలువ వంతెన దాకా టేపుతో కొలిస్తే 52 మీటర్లు వచ్చింది. ఆ దూరమంతా కళ్లు మూసుకుని నడిచి వెళ్లమంటే పిల్లలు ఎవరూ ముందుకు రాలేదు.

చెరువు_గట్టు_రైతు
లెక్క బాగుంది, నేను కాదనడం లేదు. కాని నా ప్రశ్నకు జవాబు రాలేదు.

విశ్రాంత_ఖాకీ
నేను హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసి దిగిపోయాను. గట్టు_రోడ్డు గారి ప్రశ్నకు లోపలి సంగతి చెబుతాను. ఆసుపత్రి నుంచి సమాచారం వస్తుంది, మేము వెళ్లేసరికి దెబ్బలు తగిలినవారు మాట్లాడే స్థితిలో ఉండరు. బంధువులు చెప్పినట్టు రాస్తాం. వారికి ఫోన్ సంగతి తెలియదు, తెలిసినా ఎవరూ చెప్పరు. "అతివేగం, అజాగ్రత్త" అన్న మాటలుంటే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అజాగ్రత్తగా నడిపినందుకు 281, ఎముక విరిగితే 125(బి) సెక్షన్లు సరిపోతాయి కనుక అంతకు మించి తవ్వే తీరిక ఉండదు. 2021లో దేశమంతటా నడిపేటప్పుడు ఫోన్ వాడటం వల్ల 1,997 ప్రమాదాల్లో 1,040 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. ఆ ఏడాది రోడ్డు మీద పోయిన ప్రాణాలు లక్షన్నర పైమాటే. నర్సు గారు చెప్పిన కుక్కలూ గుంతలూ ఆ తేడాలో ఎన్ని ఉన్నాయో నా అనుభవం మీద ఊహించగలను.
ఇక గట్టు రోడ్డు మీద పట్టుకోవడం గురించి. ఫోన్ మాట్లాడుతూ వెళ్లేవాడిని వెంటపడి తరమకూడదు. తరిమితే కంగారులో కాలువలో పడతాడు. లాకుల దగ్గర, వంతెన ఎక్కే చోట, వేగం తానంతట తగ్గే చోట నిలబడాలి. నేను పనిచేసిన రోజుల్లో పెద్ద రోడ్డు కూడలిలో తప్ప మాకు డ్యూటీ వేసేవారు కాదు.

కోటిపల్లి_రేవు
డ్యూటీలో ఉన్న పోలీసే ఫోన్ మాట్లాడుతూ బండి మీద పోతుంటే ఎవరికి చెప్పాలి? మా కూడలిలో వారానికి రెండుసార్లైనా చూస్తాను.

విశ్రాంత_ఖాకీ
అది తప్పే. నేను వెనకేసుకు రాను. 2019 సవరణలోనే 210బి అనే సెక్షన్ వచ్చింది. చట్టాన్ని అమలు చేయవలసిన అధికారే ఆ చట్టం కింద నేరం చేస్తే మామూలు శిక్షకు రెట్టింపు పడుతుంది. ఇది ప్రతి స్టేషన్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలని నా కోరిక.

కొబ్బరి_లోడు
అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లోడు తీసుకుని ఉత్తర దేశం దాకా వెళతాను. నాలాంటివాడు ఫోన్ తనకు సరదా పుట్టి మాట్లాడడు. బయలుదేరిన అరగంట నుంచి యజమాని "ఎక్కడి దాకా వచ్చావు" అని, కొనేవాడు "ఎప్పుడు దిగుతుంది" అని, ఇంటావిడ "తిన్నావా" అని అడుగుతూనే ఉంటారు. యజమాని ఫోన్ రెండుసార్లు ఎత్తకపోతే మూడోసారి తిట్టు, తరువాతి లోడు వేరేవాడికి. దొరికితే చలానా నాకు. సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే ఫోన్ మాట్లాడుతూ నడిపితే మూడు నెలలకు తక్కువ కాకుండా లైసెన్సు నిలిపివేయాలని రాష్ట్రాలకు చెప్పిందట. లైసెన్సు పోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు. ఫోన్ చేసినవాడికి ఏ బాధా లేదు. తప్పు నాదే, నేను ఒప్పుకుంటాను. కాని ఆ తప్పులో సగం అవతలి చెవిది కూడా.

స్టీరింగ్_30ఏళ్లు
ఇన్ని పోస్టుల్లో అసలు మాట ఇదే. బస్సులో ఉన్నానని తెలిసి కూడా మా బావమరిది చేశాడు. నేను పెట్టేయమని అనలేదు, అతను ఆపలేదు.

అమలాపురం_వకీలు
కొబ్బరి_లోడు గారి ప్రశ్న చాలా ముఖ్యమైనది, అందుకే కాస్త విపులంగా రాస్తున్నాను. అవతలివాడికి చట్టంలో ఏమీ లేదనుకోవడం సరికాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 188 ప్రకారం, 184 కింద నేరానికి ప్రేరేపించినవారికి, ఆ నేరం చేసినవారికి పడే శిక్షే పడుతుంది. డ్రైవర్ బండి మీద ఉన్నాడని తెలిసి, ఎత్తకపోతే పని తీసేస్తానని బెదిరించి మాట్లాడించే యజమానిని దాని కిందికి తీసుకురావచ్చని నా అభిప్రాయం. ఇంటి నుంచి తిన్నావా అని అడిగిన భార్యకు అది వర్తించదు, వర్తించకూడదు కూడా. బ్రిటన్‌లో 2003 డిసెంబర్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధన ఇంకా సూటిగా ఉంది. ఫోన్ పట్టుకుని నడపడమే కాకుండా, వేరొకరిచేత అలా నడిపించడం, నడపనివ్వడం కూడా అక్కడ నేరమే. మన దగ్గర 188ని ఈ పనికి వాడిన కేసు నా చేతికి ఒక్కటీ రాలేదు. రావాలంటే యజమాని బెదిరించిన మెసేజ్‌ను డ్రైవర్లు చెరపకుండా దాచుకోవాలి.
గట్టు_రోడ్డు గారికి: ఎఫ్‌ఐఆర్ అంటే కేసుకు మొదలు మాత్రమే. ఫోన్ చూసింది మీరు, మెడ వంచి నడపడం చూసింది ఆ ఇద్దరు కూలీలు. ముగ్గురూ దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, ప్రమాద సమయానికి ఆ నంబరులో కాల్ నడుస్తోందో లేదో వివరాలు తెప్పించమని అడగండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 94 కింద పోలీసులు ఫోన్ కంపెనీ నుంచి ఆ పత్రాలు కోరవచ్చు. ఆలస్యం చేయవద్దు. 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, నష్టపరిహారం దరఖాస్తుకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు చట్టంలో ఉంది.

చెరువు_గట్టు_రైతు
నిన్న రాత్రంతా ఆలోచించాను. మా కాపలా మనిషి నాకు ఫోన్ చేసేది ఏం చేయాలో అడగడానికి. జనరేటర్ వేయడం అతనికి వచ్చు, కాని నన్ను అడగకుండా వేస్తే డీజిల్ ఖర్చుకు తిడతానని భయం. ఆ భయం పెట్టింది నేనే. ఈ రోజు పొద్దున్నే చెప్పాను: కరెంటు పోతే ముందు జనరేటర్ వేయి, తరువాత రెండు రింగులిచ్చి పెట్టేయి. రెండు రింగులు వస్తే విషయం నాకు తెలిసినట్టే, ఎత్తవలసిన పని లేదు. ఏరేటర్లు తిరగకపోతే మాత్రం మళ్లీ చేయి, అప్పుడు పెట్రోలు బంకు దాకా వెళ్లి ఆపి మాట్లాడతాను.
రోడ్డు అంచున ఆపడానికి చోటు లేదన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను. జాతీయ రహదారి మీద బండి ఆపుకునే చోట్లు పెంచకుండా ఆపి మాట్లాడమనడం సగం సలహాయే.

రాత్రి_డ్యూటీ_నర్సు
రెండు రింగుల పద్ధతి మా ఇంట్లో కూడా మొదలుపెడతాను. నాన్నగారు బండి మీద ఉన్నప్పుడు అమ్మ చేసే ఫోన్ నేనే ఆపించాలి.

కొబ్బరి_లోడు
వకీలు గారూ, మెసేజ్ దాచుకోమన్నారు సరే. మా యజమాని మెసేజ్ పెట్టడు, గొంతుతోనే అంటాడు. అయినా సెక్షన్ నంబరు రాసుకున్నాను. మా డ్రైవర్లందరికీ చూపిస్తాను.

గట్టు_రోడ్డు
అందరికీ కృతజ్ఞతలు. వకీలు గారు చెప్పినట్టే మొన్న స్టేషన్‌కు వెళ్లి నా వాంగ్మూలం ఇచ్చాను, ఇద్దరు కూలీలూ వచ్చారు. అధికారి కాదనలేదు, కాల్ వివరాలకు రాస్తామన్నారు. బాబాయికి తుంటిలో రాడ్డు వేశారు. వాకర్ పట్టుకుని వీధి అరుగు దాకా వస్తున్నారు. సైకిల్ ఇంకా దొడ్లో వంకరగానే ఉంది.
నిన్న సాయంత్రం ఆ కుర్రవాడి అమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో పెరుగు గిన్నె. గుమ్మంలోనే నిలబడి బాబాయితో "ఆ ఫోన్‌లో ఉన్నది నేనేనండి, బండి మీద ఉన్నాడని తెలిసే చేశాను" అని చెప్పి కూర్చుండిపోయింది. బాబాయి ఏమీ అనలేదు. చాలాసేపటికి పిన్నిని పిలిచి ఆ గిన్నె లోపలికి తీసుకెళ్లమన్నారు. ఆమె పోలీసులకు కూడా అదే మాట చెబుతానంటోంది. చెబితే ఆమె మీద కేసు పెడతారేమోనని మా పిన్ని భయపడుతోంది.

అమలాపురం_వకీలు
భయపడనవసరం లేదు. పెరుగు తెమ్మని అడగడాన్ని ఏ కోర్టూ ప్రేరేపణగా చూడదని నా నమ్మకం. ఆమెను ఎవరూ బలవంతం చేయకండి. తనంతట తాను వస్తే నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 180 కింద ఆమె మాట నమోదు చేసుకోవచ్చు. మహిళ కనుక ఆమె ఇంటి దగ్గరే తీసుకోవాలని అడగండి, అది ఆమె హక్కు. అయితే ఆ మాటతో ఆమె కొడుకు మీద కేసు గట్టిపడుతుంది. ఆ సంగతి ముందే ఆమెకు విడమరిచి చెప్పండి, తెలియకుండా చెప్పించవద్దు.

గట్టు_రోడ్డు
చెప్పానండి. కొడుకును కూడా పక్కన కూర్చోబెట్టుకుని విన్నది. శనివారం వస్తామన్నారు, ఇద్దరూ.